మంగు, నల్ల మచ్చలకు విశాఖలో ట్రీట్‌మెంట్: ఏది ముందు, ఏది తర్వాత

రెండో కాన్పయిన ఏడాదికి నా రెండు బుగ్గల మీదా మంగు దిగింది. మొదటి రోజు మసి అంటుకుందేమోనని తడిగుడ్డతో రుద్దాను కూడా. అప్పట్లో గాజువాక నుంచి సిరిపురం దాకా రోజూ స్కూటీ మీదే ఆఫీసుకు వెళ్ళేదాన్ని. పొద్దున వెళ్ళేటప్పుడు ఎండ ఎదురే, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎదురే. ఆఫీసులో ఒకావిడ తనకు బాగా పనిచేసిందని ఒక ట్యూబు పేరు కాగితం మీద రాసిచ్చింది. మెడికల్ షాపులో చీటీ అడగలేదు, నేనూ చూపించలేదు. పది రోజుల్లో ముఖం మీగడలా తేలింది. చూసినవాళ్ళంతా ఏం రాస్తున్నావని అడిగారు.

నాలుగో నెలలో ట్యూబు అయిపోయి రెండు రోజులు రాయలేదు. ముఖమంతా కారం పూసినట్టు మండింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, గడ్డం మీద సన్నటి పొక్కులు లేచాయి. ఉన్న మంగు పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. అప్పుడు చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ ట్యూబు వెనక్కి తిప్పి, సన్నక్షరాల్లో ఉన్న మొమెటాసోన్ అన్న మాటను వేలితో చూపించింది. స్టెరాయిడ్. 2018లోనే కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా నా చేతికి అంత సులువుగా వచ్చింది.

ఆ తప్పు సరిదిద్దుకోవడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో క్రీములు, పీల్స్ (ఆమ్లంతో చర్మం పై పొరను ఊడదీసే చికిత్స), లేజర్ అన్నీ చూశాను. అవన్నీ పనికొచ్చేవే. వరస తప్పితేనే ముఖం పాడవుతుంది. ఆ వరస ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: మచ్చకు పేరు పెట్టించుకోండి

ముఖం నల్లబడింది అన్నది జబ్బు పేరు కాదు. పది రకాల కారణాలు ఒకేలా కనిపిస్తాయి, వాటికి మందులు వేరు. క్లినిక్‌లో అడుగుపెట్టగానే మచ్చ పేరు చెప్పకుండా ప్యాకేజీ ధర చెప్పారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మంగు అయితే బుగ్గలు, నుదురు, పైపెదవి మీద రెండు వైపులా ఇంచుమించు ఒకే ఆకారంలో, మ్యాపు గీసినట్టు గోధుమరంగులో వస్తుంది. ఆడవాళ్ళలో ఎక్కువ. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ, ఇంట్లో అమ్మకో అక్కకో ఉండటం దీనికి కారణాలు. మొటిమ తగ్గాక, దోమ కుట్టి గోకాక, కాలిన చోట మిగిలే నల్ల మచ్చ వేరు. చర్మం వాచి మానినప్పుడు మిగిలిన గుర్తు అది. మన లాంటి చామనఛాయ చర్మంలో ఏ చిన్న గాయమైనా ఇలా నల్లగా మిగులుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, పీల్ దగ్గరా లేజర్ దగ్గరా మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మెడ చుట్టూ, చంకల్లో నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటే అది మురికి కాదు. మా ఆడపడుచు రెండేళ్ళు మెడను పీచుతో రుద్దింది. చివరికి రక్తపరీక్ష చేయిస్తే షుగరు అంచున ఉందని తేలింది. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు, పీసీఓడీ ఉన్నప్పుడు, బరువు పెరిగినప్పుడు మెడ అలా నల్లబడుతుంది. దానికి క్రీము కన్నా బరువు తగ్గడం, షుగరు చూపించుకోవడం ముందు. వేలి కణుపులు నల్లబడి, నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు కూడా ఉంటే బి12 పరీక్ష అడగండి. శాకాహారుల ఇళ్ళల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కొందరికి ముక్కు మీద నల్లబడుతుంది. అది నెలల మీద తనంతట తానే పల్చబడుతుంది, దానికోసం వేలు తగలేయక్కర్లేదు.

వీపు మీద, భుజాల మీద అలలు అలలుగా నల్లటి చారలు పడితే స్నానానికి వాడే నైలాన్ పీచును ఒకసారి అనుమానించండి. ఏళ్ళ తరబడి గట్టిగా రుద్దితే ఎముక పైకి ఉన్న చోటల్లా నల్లబడుతుంది. పీచు మానేయడమే అక్కడ మొదటి మందు. వైజాగ్ ఉక్కపోతకు ఛాతీ మీద, మెడ మీద పొలుసుల్లాంటి తెల్ల, గోధుమ మచ్చలు వస్తే అది శోభి కావచ్చు. శోభి ఒక ఫంగస్. దాని మందుతో తగ్గుతుంది, పీల్‌తో కాదు.

బొట్టు సంగతి కూడా చెప్పాలి. మా పిన్నికి నుదుటి మధ్య సరిగ్గా బొట్టుబిళ్ళంత తెల్ల మచ్చ వచ్చింది. బిళ్ళ వెనక జిగురులో ఉండే ఒక రసాయనం రంగు కణాలను చంపుతుందట. నాసిరకం కుంకుమలో కలిపే రంగులకు కొందరికి నుదురు బూడిదరంగులోకి తిరుగుతుంది. జుట్టుకు వేసే నల్ల రంగు పడక చెవుల ముందు, కణతల దగ్గర నల్లబడేవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు ముఖానికి ఏం రాసినా, ఆ రంగు వేయడం ఆపేదాకా తగ్గదు.

డాక్టరు గదిలో లైటు ఆర్పేసి ఊదారంగు దీపం ఒకటి ముఖం మీద వేస్తారు. దాన్ని వుడ్స్ ల్యాంప్ అంటారు. నాకు వేసినప్పుడు అద్దం ఇచ్చి చూడమన్నారు. బుగ్గ మీద కొన్ని చోట్ల మచ్చ అంచు నల్లగా తేటతెల్లమైంది, కొన్ని చోట్ల ఏమీ తేడా లేదు. స్పష్టంగా కనిపించినది చర్మం పై పొరలో ఉన్న రంగు, తేడా లేనిది లోపలి పొరలోకి దిగినది. పైది మందుకు త్వరగా లొంగుతుంది, లోపలిది మొండికేస్తుంది. నాది రెండూ కలిసిన రకం. ఎన్నాళ్ళు పడుతుందో అంచనా ఆ ఐదు నిమిషాల్లోనే వచ్చేసింది. కొందరు చర్మానికి ఆనించి చూసే చిన్న భూతద్దం, డెర్మోస్కోప్, వాడతారు. చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలాయా అన్నది అందులో తెలుస్తుంది. స్టెరాయిడ్ రాసుకున్నవాళ్ళకు ఇది చాలా అవసరం.

మచ్చ ఒకటే ఉండి, అంచు వంకరటింకరగా పెరుగుతున్నా, రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా అందం సంగతి పక్కనపెట్టి వెంటనే చూపించండి.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని వెళ్ళాలి

బోర్డు మీద పేరు తర్వాత ఉన్న అక్షరాలు చదవండి. ఎం.డి. డీ.వీ.ఎల్., డీ.డీ.వీ.ఎల్., లేదా చర్మవైద్యంలో డీ.ఎన్.బి. ఉన్నవాళ్ళు చర్మ డాక్టర్లు. కాస్మెటాలజిస్ట్, స్కిన్ ఎక్స్‌పర్ట్, ఎస్థెటీషియన్ అన్నవి వైద్య డిగ్రీలు కావు. తెల్లకోటు వేసుకుని కూర్చున్నంత మాత్రాన డాక్టరు అయిపోరు. అడగడానికి మొహమాటపడకండి, ముఖం మనది.

డబ్బు ఇబ్బంది ఉంటే మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మ విభాగం ఓపీకి వెళ్ళండి. 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే ఆసుపత్రి అది. పీజీ డాక్టర్లు ఓపిగ్గా చూస్తారు, పైన ప్రొఫెసర్లు ఉంటారు. పొద్దున్నే వెళ్ళాలి, క్యూ ఉంటుంది, ఏసీ గది ఉండదు. కానీ జబ్బు పేరు సరిగా తేలితే సగం ఖర్చు మిగిలినట్టే. ఆ చీటీతో తర్వాత ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఒక సంగతి, అందానికి చేయించుకునే చికిత్సలకు ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదు. డబ్బు మన జేబులోంచే పోతుందని లెక్క వేసుకోండి.

వెళ్ళేటప్పుడు ఇంట్లో ముఖానికి రాసుకున్నవన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. సగం అయిపోయిన ట్యూబులు, పార్లర్‌లో ఇచ్చిన పేరులేని డబ్బా, ఆన్‌లైన్‌లో కొన్న సీరం, నూనె, కుంకుమ, జుట్టు రంగు పెట్టె, అన్నీ. సిగ్గుపడి ఒకటి దాస్తే డాక్టరు దారి తప్పుతారు. మింగే మాత్రల పేర్లు కూడా రాసుకోండి, గర్భనిరోధక మాత్రలు, ఫిట్స్ మాత్రలు సహా. ఇంకో పని, వెళ్ళే ముందు రోజు పొద్దున కిటికీ దగ్గర, ముఖం కడుక్కుని, ఫోనులో ఏ ఫిల్టరూ లేకుండా మూడు ఫొటోలు తీసుకోండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా చెరొకటి. అద్దం రోజూ చూసేవాళ్ళకు మార్పు తెలియదు, ఫొటోకు తెలుస్తుంది.

ఎండను ఆపకుండా ఏదీ మొదలుపెట్టకండి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. వేలు పోసి లేజర్ చేయించుకోవడానికి సిద్ధపడతాం, సన్‌స్క్రీన్ రాయమంటే జిడ్డని మానేస్తాం.

విశాఖ దాదాపు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అంటే ఏడాదిలో రెండుసార్లు, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ, సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలలన్నీ నిట్టనిలువు ఎండే. దానికి తోడు సముద్రం. పొడి ఇసుక అతినీల కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ 25 శాతాన్ని తిరిగి మన ముఖం మీదికే కొడతాయి. ఆర్కే బీచ్‌లో గొడుగు వేసుకుని కూర్చున్నా బుగ్గలు కమలడం అందుకే. వాన మబ్బు కమ్మిన రోజు కూడా కిరణాలు దిగుతూనే ఉంటాయి. కారు పక్క అద్దం, ఆఫీసు కిటికీ అద్దం మనల్ని కందిపోకుండా కాపాడతాయి కానీ, చర్మంలో లోతుకు దిగే యూవీఏ కిరణాలను చాలావరకు లోపలికి రానిస్తాయి. షిప్‌యార్డులోనో స్టీల్ ప్లాంటులోనో వెల్డింగ్ పని చేసేవాళ్ళకు ఆ మెరుపులో వచ్చేదీ అతినీల కిరణమే. మాస్కు కళ్ళకే కాదు, మెడ దాకా దిగేది ఉండాలి.

మంగు ఉన్నవాళ్ళకు మామూలు తెల్ల సన్‌స్క్రీన్ ఒక్కటే చాలదు. మనకు కనిపించే వెలుతురు కూడా మంగును రెచ్చగొడుతుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్. చర్మం రంగులో, లేత గోధుమరంగులో వచ్చే టింటెడ్ సన్‌స్క్రీన్లలో అది ఉంటుంది. వెనక పదార్థాల జాబితాలో ఆ పేరు చూసి కొనండి. ఎస్పీఎఫ్ (ఎండకు కందిపోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) కనీసం 30, యూవీఏకి పీఏ గుర్తు పక్కన మూడు ప్లస్సులు ఉన్నది తీసుకోండి. 30కీ 50కీ తేడా కాగితం మీద చిన్నదే, సుమారు 97 శాతం, 98 శాతం. అసలు తేడా మనం రాసే మోతాదులో వస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండండి. ముఖానికీ మెడకూ అంత కావాలి. మనం బఠాణీ గింజంత రాసి ఊరుకుంటాం, డబ్బా మీద రాసిన అంకె ఆ బఠాణీకి దక్కదు.

బయటికి వెళ్ళడానికి పావుగంట ముందు ఒకసారి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి రాయాలి. మన ఊరి చెమటకు జారిపోతుంది కాబట్టి జెల్ రకం, నీటికి నిలిచేది చూసుకోండి. స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు రంగు వైజరు ఉన్న ఫుల్ హెల్మెట్ వేసుకోండి, అది పగటి పూటకే. చున్నీ కడితే నూలుది, దట్టంగా నేసినది కట్టండి. పల్చటి షిఫాన్ చున్నీ ధూళికి అడ్డు, ఎండకు కాదు. బీచ్ రోడ్డు మీద వాకింగ్ అయితే సూర్యుడు సముద్రంలోంచి పైకి లేవక ముందే ముగించండి.

ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు గట్టిగా చేసి, అప్పుడు కిటికీ దగ్గర మళ్ళీ ఫొటో తీసుకోండి. నా విషయంలో ఎర్రదనం తగ్గి, మంగు అంచులు మెత్తబడ్డాయి, ఇంకే చికిత్సా మొదలవక ముందే.

క్రీముల దశ

ఇక్కడ నేను మందుల పేర్లు చెప్పేది మీరు కొనుక్కోవడానికి కాదు, డాక్టరు రాసినప్పుడు అది ఏమిటో మీకు తెలియడానికి.

మంగుకు చాలాకాలంగా ముందు నిలబడ్డది మూడు మందుల కలయిక: రంగు తయారీని ఆపే హైడ్రోక్వినోన్, చర్మపు పొర త్వరగా మారేలా చేసే ట్రెటినాయిన్, మంటను ఆపే తేలికపాటి స్టెరాయిడ్. 1975లో అమెరికా వైద్యులు క్లిగ్మన్, విల్లిస్ ఈ సూత్రం ప్రచురించారు, ఇప్పటికీ దాని రూపాంతరాలే వాడుతున్నారు. డాక్టరు చేతిలో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడి, తగ్గించుకుంటూ ఆపితే ఇది మంచి మందు. షాపులో కొని ఏడాది పొడవునా రాస్తే నాలా అవుతుంది. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ళ తరబడి రాసినవాళ్ళలో కొందరికి చర్మం నీలి నలుపులోకి తిరిగి అలాగే ఉండిపోతుంది. ఆ మచ్చను పోగొట్టడం మంగును పోగొట్టడం కన్నా కష్టం. రాత్రి మాత్రమే రాయాలి, మచ్చ వరకే రాయాలి, తేదీ చూసి ఆపాలి. ట్యూబు నొక్కితే తెల్లగా రావాల్సిన క్రీము గోధుమరంగులో వచ్చిందంటే గాలి తగిలి చెడిపోయింది, పారేయండి.

అజెలాయిక్ యాసిడ్, కోజిక్ యాసిడ్, నియాసినమైడ్, విటమిన్ సి నెమ్మదిగా పనిచేస్తాయి కానీ ఎక్కువకాలం వాడటానికి వీలు. గర్భిణులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ జోలికి పోకూడదు. అజెలాయిక్ యాసిడ్‌ను అప్పుడు కూడా డాక్టర్లు రాస్తారు. పైగా గర్భంతో వచ్చిన మంగు కొందరికి కాన్పయిన కొన్ని నెలలకు తనే పల్చబడుతుంది, తొందరపడకండి.

మొండి మంగుకు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు, మామూలుగా 250 మిల్లీగ్రాములవి రోజుకు రెండు, కొన్ని నెలలు. నాకు బాగా పనిచేసింది కూడా ఇదే. కానీ ఇది రక్తం కారడం ఆపే మందు. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర, పక్షవాతం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు మింగేవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పాలి. డాక్టరు అడగకపోయినా మీరు చెప్పండి.

పీల్: కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుంది

పీల్ అంటే పండ్ల నుంచో ఇతర మూలాల నుంచో వచ్చిన ఆమ్లంతో చర్మం పై పొరను ఒక కొలతలో ఊడదీయడం. గ్లైకోలిక్, లాక్టిక్, మాండెలిక్, సాలిసిలిక్ మన చర్మానికి తరచుగా వాడేవి. మొటిమలూ మచ్చలూ కలిసి ఉంటే సాలిసిలిక్, పొడిగా సున్నితంగా ఉంటే లాక్టిక్, మాండెలిక్ వైపు మొగ్గుతారు. ఆస్పిరిన్ పడనివాళ్ళకు సాలిసిలిక్ పడదు.

పీల్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు చర్మాన్ని సిద్ధం చేస్తారు. దీన్ని ప్రైమింగ్ అంటారు. రాత్రి క్రీము, పగలు సన్‌స్క్రీన్. మొదటి రోజు వచ్చారు, మొదటి రోజే పీల్ చేసేస్తాం అన్నారంటే ఒప్పుకోకండి. ప్రైమింగ్ లేని పీల్ తర్వాత మన చర్మం నల్లబడే ప్రమాదం ఎక్కువ. పీల్‌కు కొన్ని రోజుల ముందు ట్రెటినాయిన్ ఆపమంటారు. ఆ వారంలో థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్ వద్దు. పెదవుల దగ్గర నీటిపొక్కులు వచ్చే హెర్పిస్ అలవాటు ఉంటే ముందే చెబితే మాత్ర ఇస్తారు.

నా మొదటి గ్లైకోలిక్ పీల్ ఇలా జరిగింది. తలకు టోపీ పెట్టి, స్పిరిట్‌లాంటి దానితో ముఖం జిడ్డు తీశారు. కళ్ళ కొసలకు, ముక్కు పక్కల మడతకు, పెదవులకు వాసలీన్ అద్దారు, ఆమ్లం అక్కడ నిలవకుండా. చేతికి చిన్న బ్యాటరీ ఫ్యాను ఇచ్చారు. నుదుటి నుంచి మొదలుపెట్టి బ్రష్షుతో గబగబా రాసుకుంటూ పోయారు. ముప్పై సెకన్లకు చీమలు పాకినట్టు, నిమిషానికి చురుక్కుమనడం, రెండో నిమిషానికి పచ్చిమిర్చి కోసిన చేత్తో ముఖం ముట్టుకున్నట్టు. సిస్టరు చేతిలో గడియారం, డాక్టరు కళ్ళు నా బుగ్గ మీద. కుడి బుగ్గ కాస్త ముందుగా ఎర్రబడితే అక్కడ వెంటనే తటస్థపరిచే ద్రవం అద్దారు, మిగతా ముఖానికి ఇంకో అరనిమిషం ఆగారు. ఆ చూపు కోసమే మనం డబ్బు ఇచ్చేది. రాసేసి ఫోను చూసుకుంటూ బయటికి వెళ్ళే చోట పీల్ చేయించుకోకండి. సాలిసిలిక్‌లో అయితే రాసిన చోట తెల్లటి పొడిలా తేలుతుంది, అది తుడిచేస్తే పోయేదే, భయం లేదు.

తర్వాత మూడు నాలుగు రోజులు ముఖం బిగుసుకుని, ముక్కు పక్కల పొట్టు లేస్తుంది. ఆ పొట్టును గిల్లకండి. గిల్లిన చోట నల్ల మచ్చ మిగులుతుంది, నాకు గడ్డం కింద మిగిలింది. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ వద్దు. పసుపు, నలుగు పిండి, నిమ్మరసం ఆ వారం అసలే వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే పీల్ లేకపోయినా చర్మం కాలి నల్లబడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు సిట్టింగులు పడతాయి. మన ఊళ్ళో వీటికి మంచి కాలం డిసెంబరు, జనవరి. ఏప్రిల్ చివర్లోనో మేలోనో వచ్చే సింహాచలం చందనోత్సవం క్యూలో నిలబడే వారంలో పీల్ పెట్టుకోకండి, ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణకు ముందూ అంతే. ముప్పై రెండు కిలోమీటర్ల నడకను ముఖం మీది కొత్త చర్మం తట్టుకోదు.

ఇంట్లో పెళ్ళి ఉంటే లెక్క ముందుగా వేసుకోండి. మాఘంలో ముహూర్తమైతే శ్రావణంలోనే డాక్టరును కలవాలి. చివరి పీల్‌కూ పెళ్ళికీ మధ్య కనీసం మూడు నాలుగు వారాలు వదలండి. మా మేనకోడలికి పెళ్ళికి ఎనిమిది రోజుల ముందు ఒకచోట పీల్ చేశారు. నలుగు పెట్టే రోజుకు గడ్డం అంతా పొట్టు. పిల్ల ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు.

లేజర్ ఎప్పుడు, ఎంత

లేజర్‌ను ఆఖరి మెట్టుగా ఉంచుకోండి, మొదటిది చేయకండి. మంగుకు మనలాంటి చర్మంలో ఎక్కువగా వాడేది క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్ అనే రకం లేజర్, 1064 నానోమీటర్ల కాంతి. ఇది పై పొరను అంతగా కాల్చకుండా లోపలికి దిగుతుంది కాబట్టి గోధుమ చర్మానికి కాస్త నయం. తక్కువ శక్తితో పలుచోట్ల కొడుతూ పోతే దాన్ని టోనింగ్ అంటారు. కళ్ళకు కవచం పెడతారు, టక్ టక్ మని శబ్దం, రబ్బరు బ్యాండు చిన్నగా తగిలినట్టు ఉంటుంది. ఐపీఎల్ అనే వెలుగు యంత్రం తెల్ల చర్మాలకు బాగా నప్పేది, మన రంగుకు కాలే ప్రమాదం ఎక్కువ.

చెప్పకుండా దాచే సంగతి ఒకటుంది. టోనింగ్ ఆపాక మంగు చాలామందికి తిరిగి వస్తుంది. వారం వారం, పదీ ఇరవై సిట్టింగులు కొట్టుకుంటూ పోతే కొందరికి ముఖం మీద బియ్యపు గింజలంత తెల్ల చుక్కలు పడతాయి. అవి పోవడం కష్టం. అందుకే ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చోట పరీక్షగా కొట్టించుకుని నాలుగు వారాలు ఆగి చూడండి. యంత్రం పేరు, కాంతి పొడవు, ఎవరు చేస్తారు, నల్లబడితే ఏం చేస్తారు అని అడగండి. ఇరవై సిట్టింగుల డబ్బు ఒకేసారి కట్టమంటే కట్టకండి, సిట్టింగుకు ఇంత అని కాగితం మీద రాయించుకోండి.

లేజర్ నిజంగా వెలిగే చోటు వేరే ఉంది. పుట్టుకతోనో చిన్నప్పుడో కన్ను చుట్టూ, కణత మీద నీలి బూడిదరంగు మచ్చ వచ్చే వాళ్ళుంటారు, దాన్ని నీవస్ ఆఫ్ ఓటా అంటారు. దానికి ఏ క్రీమూ పనిచేయదు, క్యూ-స్విచ్డ్ లేజర్ ఓపిగ్గా చేస్తే చాలా తగ్గుతుంది. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఇక ఇంతేనని ఊరుకోకండి.

సూదులతో సన్నగా గుచ్చి ట్రానెక్సామిక్ యాసిడ్ లోపలికి పంపే మైక్రోనీడ్లింగ్ కూడా కొందరికి తోడ్పడుతుంది. ఇంట్లో సూదుల రోలరు కొని దొర్లించుకోవడం మాత్రం వద్దు.

వేయించుకోకూడనివి

గ్లూటాథయోన్ సెలైన్ అంటూ పెళ్ళికూతుళ్ళకు అంటగట్టే ఇంజెక్షన్లు రంగు తేలడానికి ఆమోదం పొందినవి కావు. ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. తీవ్రమైన చర్మపు అలర్జీ, కిడ్నీ, కాలేయం ఇబ్బందులు ఇందులో ఉన్న ప్రమాదాలు. ఊరూ పేరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండవచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళకు మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి వైద్యులు బయటపెట్టారు. ముఖానికి రాసింది ముఖంలోనే ఆగదు. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బా ఎవరిచ్చినా, సొంత అక్క ఇచ్చినా, తీసుకోకండి.

ఇంకొక్కటి. పుట్టుకతో వచ్చిన చామనఛాయ మచ్చ కాదు. డాక్టరును ముఖం అంతా ఒకే రంగులోకి తెమ్మని అడగండి, మీ చెవి వెనక చర్మం ఏ రంగులో ఉందో ఆ రంగులోకి. అంతకన్నా తెల్లబరుస్తామన్నవాళ్ళు మీ చర్మాన్ని పల్చబరుస్తారు.

తగ్గాక

మంగు బీపీ లాంటిది, అదుపులో ఉంటుంది, మందు వదిలితే తల ఎత్తుతుంది. పూర్తిగా తగ్గినా టింటెడ్ సన్‌స్క్రీన్ రోజూ ఉండాలి. వారానికి రెండు మూడు రాత్రులు డాక్టరు చెప్పిన తేలికపాటి క్రీము రాయండి. వేసవికి ముందు, ఫిబ్రవరి చివర్లో, ఒకసారి చూపించుకోండి, మే ఎండ వచ్చాక పరిగెత్తేకన్నా అది మేలు. మూడు నెలలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫొటో తీయండి. నా ఫోనులో ఇప్పుడు పద్నాలుగు వరసలున్నాయి. మొదటి దాంట్లో బుగ్గ మీద ఉన్న మ్యాపు ఇప్పటి దాంట్లో వెతికితే కనిపిస్తుంది, ఎడమ కంటి కింద, గోరంత.